వెబ్‌సైటు ఊడ్చిన పూట

అరవై మూడు పేజీల వెబ్‌సైటును ఒక్క పూటలో, ఒకసారి కాదు, రెండుసార్లు మాయం చేసిన మనిషిని మీరు చూసి ఉండరు. చూడాలంటే చిల్కానగర్ రండి, టీ ఇస్తాను. ఆ మనిషిని నేనే.

2005 నాటి సంగతి. నాకప్పుడు నలభై ఆరేళ్లు. నాచారంలో పంపుల విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేదాన్ని. సాయంత్రాలు ఉప్పల్‌లో కంప్యూటర్ క్లాసుకు వెళ్లి, ఏడు నెలల్లో మా ఫ్యాక్టరీకి వెబ్‌సైటు తయారుచేశాను. మా యజమాని మల్లేశం గారికి మాత్రం నమ్మకం కుదరలేదు.

"సులోచనమ్మా, పదకొండుకు డీలర్లు వస్తున్నరు. వాళ్ల ముంగట సైటు మంచిగ నడిస్తే అది మీ చేతిలనే ఉంటది. లేకుంటె బయటోళ్లకు ఇచ్చేస్త. మీరు మళ్ల నట్లు, బోల్టులు లెక్కపెట్టుకోవాలె. ఏమనుకోవద్దు."

అనుకున్నాను. చాలా అనుకున్నాను.

తొమ్మిదీ నలభైకి అంతా సిద్ధం. అక్కడితో ఆగి ఉంటే మీకీ కథ లేదు. కానీ అతిథులు వస్తున్నారంటే గది ఊడవందే నా ప్రాణం ఊరుకోదు. సైటులో 'చిత్తు' అనే ఫోల్డరుంది. అందులో పాత ముసాయిదాలు నలభై ఒకటి. చేత్తో తీసేస్తే నిమిషం పని. ఆ మాత్రానికేనా ఏడు నెలలు చదివింది? అందుకని ఊడ్చే ఫైలొకటి రాశాను. "ఇప్పుడున్న ఫోల్డరు దారి కనుక్కో, నిన్ను తప్ప అక్కడి ఫైళ్లన్నీ తీసెయ్" అని దానికి నా హుకుం. దారి చెప్పమని సర్వర్‌ను అడగడానికి ఒక ఆజ్ఞ ఉంటుంది. పక్కన చుక్క పెడితే 'ఇప్పుడున్న ఫోల్డరు' అని అర్థం. ఆ ఫైలును చిత్తులోనే ఉంచి, ఎవరు సైటు తెరిచినా ఊడ్చడం దానంతట అదే జరిగేలా, దాన్ని పిలిచే లైనొకటి మొదటి పేజీలో చేర్చాను. స్టోర్స్‌లో ఏ అరలో ఉన్న చీటీ ఆ అర సరుకుదే. ఇరవై రెండేళ్లుగా నాకు తెలిసిన లోకం అది.

తెరిచే ముందు అన్నిటినీ సీడీలోకి కాపీ తీసుకున్నాను. కాపీ లేకుండా నేను కూరగాయల చీటీ కూడా రాయను.

తెరిచాను. మొదటి పేజీ పెళ్లికూతురిలా వచ్చింది. 'వాల్వులు' నొక్కాను. పేజీ దొరకలేదంది. 'షాఫ్టులు' నొక్కాను. అవీ దొరకలేదంది. లోపలికి వెళ్లి చూద్దును కదా, తెర మీద కనిపిస్తున్న మొదటి పేజీతో సహా అరవై మూడు పేజీల్లో ఒక్కటీ లేదు. చిత్తులో నలభై ఒకటీ క్షేమం! నా గుండె ఆగి, కాసేపు ఆలోచించుకుని, మళ్లీ కొట్టుకుంది.

సీడీలోంచి అన్నీ మళ్లీ ఎక్కించి చెమట తుడుచుకున్నానో లేదో, మల్లేశం గారు వచ్చారు.

"ఏదమ్మా, ఒకపారి సూపెట్టున్రి."

తెరిచాను.

"అబ్బ, మస్తుంది! వాల్వులు నొక్కున్రి."

నొక్కాను.

"గిదేంది? వాల్వులు ఏడవోయినయ్?"

"ఇందాక ఉన్నాయండీ."

"షాఫ్టులు?"

"అవీ లేవండీ."

"మరేమున్నయమ్మా?"

"చిత్తు ఉందండీ. నలభై ఒకటి."

ఆయన నోరు తెరిచారు. మూయడం మరిచిపోయారు. నేను క్లాసులో నాకు చదువు చెప్పిన శైలజకు ఫోన్ చేసి, జరిగింది చెప్పాను.

"ఆంటీ, ఊడ్చే ఫైలు ఎక్కడ పెట్టారు?"

"చిత్తులో."

"పిలిచింది?"

"మొదటి పేజీ నుంచి."

అవతల కిసుక్కున నవ్వు. "అయితే ఆ చుక్క మొదటి పేజీ ఉన్న ఫోల్డరునే చూపిస్తుందాంటీ. జనం అడిగింది ఆ పేజీని కదా! మీ ఫైలును ఎక్కడ దాచారో సర్వర్‌కి అనవసరం. చీపురును మూలగదిలో దాచి, హాల్లోకి పిలిచి, ఉన్నచోట ఊడ్చెయ్ అన్నారు. పాపం, ఊడ్చింది."

"మరి రెండోసారి?"

"సీడీ కాపీలోనూ ఆ లైను ఉందా?"

"ఉంది. జాగ్రత్తగా తీశాను కదమ్మా."

"తెరిచిన ప్రతిసారీ ఊడ్చేలా రాసింది మీరేగా ఆంటీ!"

తప్పును సీడీలో భద్రపరచుకున్న ఘనత కూడా నాదే. ముందు ఆ లైను కొట్టేసి, తర్వాత పేజీలు ఎక్కించేసరికి పది యాభై నాలుగు. పదకొండుకు డీలర్లు వచ్చారు. వాళ్లు నొక్కిన ప్రతిసారీ నేను కళ్లు మూసుకున్నాను. ఒక్క పేజీ కూడా తప్పలేదు.

వాళ్లు వెళ్లాక మల్లేశం గారు నెమ్మదిగా అన్నారు. "సైటు మీ చేతిలనే ఉండనియ్యమ్మా. గని మన ఆఫీసు ఊడ్చే యాదమ్మ సూడు, గీ కాగితం పారెయ్యాల్నా సారూ అని అడిగినంకనే పారేస్తది. మీ ఫైలు జర అడగొద్దా?"

ఆ రోజే స్టోర్స్ రిజిస్టరు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ ఫైలు తీసేయాలన్నా, సర్వర్ చెప్పిన దారిని ముందు తెర మీద రాయిస్తాను. కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదువుతాను. అప్పటికీ అనుమానం తీరకపోతే, యాదమ్మను పిలిచి అడుగుతాను.