హాల్లో ఎవరు పడుకుంటారు?

పక్క ఫ్లాట్ ఆంటీ పోయిందని గత వారం ఆస్పత్రి నుంచి ఫోనొచ్చినప్పుడు నేను ఏడవలేదు. దీనికి మనసే లేదంది అమ్మ. ఉద్యోగం దొరక్క ఇలా తయారయ్యానని, సంబంధాలు చూస్తే కుదుటపడతానని నాన్న తేల్చేశాడు. సౌదీలోని ఈ అల్ ఖోబర్‌లో నాతో కూర్చుని మాట్లాడే మనిషి ఆవిడొక్కతేనన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఆవిడ నర్సు. నైట్ డ్యూటీ దిగి, నిద్రపోయి, మధ్యాహ్నం తడి జుట్టుతోనే టీ పెట్టి మా గోడ మీద తట్టేది. నా డిగ్రీ గురించి, పెళ్లి గురించి ఎప్పుడూ అడగలేదు. టీ చల్లారిపోతోందని మాత్రం కసిరేది.

ఇక్కడి తెలుగువాళ్లం కష్టంలో పడ్డవాళ్ల కోసం నెలనెలా చందా వేసుకుంటాం. మొదట్లో ఇంటికింతని అందరికీ ఒకటే. అది కట్టలేనివాళ్లు, పని పోయినా జబ్బు చేసినా సాయం అడగడానికి మొహం చెల్లక ఊరుకునేవాళ్లు. ఒక శుక్రవారం మీటింగులో ఆంటీ లేచింది.

"మూడు గదుల్లో ముగ్గురుండే ఇంటికీ, ఒక్క గదిలో ఆరుగురు సర్దుకునే ఇంటికీ ఒకటే చందా ఏంటండీ?"

అయితే జీతాలు బయటపెట్టమంటారా అని ఎవరో వెటకారమాడారు.

"జీతం నాకెందుకండీ. ఇల్లు చూస్తే చాలు."

అలా కట్టుబాటు మారింది. ఏడాదికోసారి ఆవిడ ఇల్లిల్లూ తిరిగి, ఇచ్చిన టీ తాగి, ఒకే ప్రశ్న అడిగేది: "హాల్లో ఎవరు పడుకుంటారు?" ఎవరూ పడుకోకపోతే పూర్తి చందా. పడుకుంటే సగం. బ్యాచిలర్ల గదులకు మాత్రం వెళ్లేది కాదు. వాళ్లు ఎంతమందిమని చెబితే అదే లెక్క. "వాళ్లెలాగూ ఇరుకులోనే ఉంటారు, అబద్ధమాడినా అది నిజానికి దగ్గరగానే ఉంటుందమ్మా" అనేది నాతో.

మా ఇంటికొచ్చిన రోజు సోఫా మీద దుప్పటి, దిండు ప్రత్యక్షమయ్యాయి. అమ్మాయి ఇక్కడే పడుకుంటుందన్నాడు నాన్న. ఆంటీ నావైపు చూసింది. లేదు, నా గదిలోనే పడుకుంటానన్నాను. ఆవిడ దిండు పక్కకి జరిపి, కూర్చుని, టీ బాగుందంది. అంతే. పక్కింటావిడ నూరిపోస్తే ఇంటి పరువు తీశానని అమ్మానాన్నలు ఇప్పటికీ అంటారు. ఆవిడేమీ నూరిపోయలేదు. ఉన్నమాట చెప్పాను.

ఆవిణ్ణి పెట్టెలో పెట్టి సొంతూరికి పంపించేశారు. ఇళ్లు చూసే మనిషి లేదు కాబట్టి మళ్లీ పాత పద్ధతే పెట్టుకుందామని పెద్దవాళ్లు అనుకుంటున్నారట. ఆ మాట ముందు అన్నది నాన్నే. మధ్యాహ్నాలు ఆ గోడ పక్కనే కూర్చుంటున్నాను. అటునుంచి ఏ చప్పుడూ రాదు. ఒకసారి నేనే తట్టి చూశాను.

శుక్రవారం మీటింగులో లేచి, ఇకమీదట ఇళ్లు నేను చూస్తానని చెబుతాను. మొదట మా ఇల్లు. మా హాల్లో ఎవరూ పడుకోరు.