పలమనేరు బ్యాండు, లెవెల్ టెస్టు

రెండువేల పదిహేడు వేసవి చివర్లో నన్ను తిరుపతిలో ఒక రేడియో కేంద్రానికి డ్యూటీ ఆఫీసరుగా వేశారు. ఏ కార్యక్రమం ఎప్పుడు ప్రసారం కావాలో చూసుకోవడం, అయినదాన్ని అయినట్టు లాగ్‌బుక్కులో రాయడం ఆ ఉద్యోగం. కేంద్రంలో నేను రెండో మనిషినని చాలామందికి చెప్పుకున్నాను. నిజానికి డైరెక్టరుకూ నాకూ మధ్య నలుగురు ఉండేవారు. ఆదివారాలు ఆ నలుగురికీ సెలవు కాబట్టి, వారానికి ఒక రోజు మాత్రం నేను చెప్పేది నిజమే.

ఆషాఢంలో పెండ్లిండ్లు ఉండవు. బ్యాండు మేళాలవాళ్లు డోళ్లకు తోళ్లు మార్చుకుంటూ ఇంటిపట్టున ఉంటారు. మామూలు నెలల్లో దొరకనివాళ్లు ఆ నెలలో దొరుకుతారని డైరెక్టరుగారు ఒక కార్యక్రమం తలపెట్టారు. నాలుగు ఆదివారాలు, నాలుగు పెండ్లి బ్యాండులు. మధ్యాహ్నం రికార్డింగు వినిపించాక శ్రోతలు ఫోన్లు చేసి మాట్లాడతారు. చివరికి ఎవరికి కార్డులు ఎక్కువ వస్తే వాళ్లకు షీల్డు. ఈ ఆలోచన నాదేనని కూడా చాలా ఏళ్లు చెప్పాను. నేను చేసిందల్లా షీల్డు మీద అక్షరదోషాలు లేకుండా చూడటం.

ఉత్తరాలు గోనెసంచుల్లో వచ్చిపడ్డాయి. అంటే ఒక సంచి. అందులో సగం ఒకటే చేతిరాత. ఆ చేతిరాత చంద్రగిరి టైలరు మునిరత్నానిది. చిత్తూరులో ఇరవై ఒక్కమంది ఉండే పెద్ద బ్యాండుకు ఎర్రకోట్లు కుట్టేది అతనే. ఆ బ్యాండు అంటే అతనికి ప్రాణం. తిరుపతికి బట్ట కొనడానికి వచ్చినప్పుడల్లా మా కేంద్రం ఎదురుగా టీ అంగట్లో నన్ను పట్టుకునేవాడు. ఏ బ్యాండుకు రావాల్సినంత పేరు రాలేదు, ఊరేగింపులో ఏ పాట ఎత్తుకుంటే జనం కదలకుండా నిలబడిపోతారు, షీల్డు ఎవరికి పోవాలి, ఇవే మాటలు. ఇద్దరం చిత్తూరు బ్యాండు వైపే. తగాదా చిన్న బ్యాండుల దగ్గరే వచ్చేది. ఏడుగురుంటే అది భజనే గానీ బ్యాండు కాదనేవాణ్ణి.

"పెద్ద బ్యాండులో ఒకడు తప్పితే ఇంకొకడు కప్పేస్తాడు సార్. ఏడుగురుంటే కప్పేదానికి ఎవురుండారు? వాళ్లనే బాగా ఇనాల" అనేవాడు మునిరత్నం.

మూడో ఆదివారానికి పలమనేరు నుంచి వచ్చింది సరిగ్గా ఏడుగురి బ్యాండే. ఖాళీ క్యాన్లతో వస్తున్న పాల వ్యానులో డోళ్లతో సహా ఎక్కి వచ్చారు. బ్యాండు మాస్టరు దేవసహాయం, క్లారినెట్ వాయిస్తాడు, అరవై దాటిన మనిషి. మైకులు పెడుతుంటే తన సంగతి చెప్పాడు.

"మాలో ముగ్గురికి డెయిరీలో పని పిలుపొచ్చిండాది సార్. శ్రావణంలో మాకు నాలుగు పెండ్లిండ్లు ఒప్పుకోలు అయినాయి. అవి జరిగినాక చెప్తామని ఆగినారు. వాళ్లు పోతే మిగిలేది నలుగురం. నలుగురితో యాడ బ్యాండు సార్?" రేడియోలో వస్తే ఇంకో రెండు పెండ్లిండ్లు రావొచ్చని అతని ఆశ. షీల్డు మాట ఎత్తలేదు.

రికార్డింగుకు ముందు లెవెల్ టెస్టు అని ఒకటి ఉంటుంది. వాద్యాలను కాసేపు వాయించమని, తెర మీద మీటరు ఎర్రగీత దాటకుండా మైకులు సరిచేసుకోవడం. నిమిషం చాలు. యంత్రం దాన్ని కూడా రికార్డు చేస్తుంది, తర్వాత తీసేస్తాం. ఇంజనీరు పక్క స్టూడియోలో ఉంటే ఆ పని నేనే చేశాను. కానివ్వమన్నాను. అద్దానికి ఇవతల స్పీకరు పెట్టకుండానే మీటరు చూశాను, బాగుంది. కిటికీలోంచి చూస్తే టీ అంగడి దగ్గర మునిరత్నం కనబడ్డాడు. లేచి వెళ్లాను.

బ్యాండువాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. మొదలుపెట్టమన్న పెద్దమనిషి చెయ్యెత్తితే తప్ప ఆపరు. ఊరేగింపుల్లో ఎన్నోసార్లు చూశాను. స్టూడియోలో ఆ పెద్దమనిషి నేనేనని మాత్రం నాకు తట్టలేదు. తిరిగొచ్చేసరికి ఏడుగురూ వాయిస్తూనే ఉన్నారు. చెయ్యెత్తాను, ఆపారు. అది పదకొండు నిమిషాలైందని తర్వాత తెలిసింది. ఆ తర్వాత అసలు రికార్డింగు, రెండు ఊరేగింపు పాటలు, కలిపి ఏడు నిమిషాలు.

ఫైళ్లకు అప్పటికప్పుడే పేర్లు పెట్టాలి. పెట్టలేదు. సాయంత్రం చూస్తే ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా ఉంది. లెవెల్ టెస్టు ఎప్పుడూ పొట్టిదే కదా అని, పొడుగుదాన్ని ప్రసారానికి పెట్టి పొట్టిదాన్ని తీసేసేవాటిలో పడేశాను. రెండూ వినలేదు.

ఆదివారం మధ్యాహ్నం ప్రసారమైంది శవయాత్ర బాణీ. పాడె మోసేవాళ్ల అడుగుకు తగ్గట్టు ఆగి ఆగి పడే డోలు, దాని మీద క్లారినెట్. ఈ ఘట్టాన్ని నేను పదిచోట్ల ఒకలాగే చెప్పాను: పెండ్లి పాటలు అందరూ వింటారు, అసలు విద్య ఇక్కడ ఉంది, లోకం వినాలని తెలిసే వేశాను అని. తెలిసి వేయలేదు. మొదటి ఫోను వచ్చేదాకా నేను పేపరు చదువుకుంటున్నాను.

ఆ ఫోను పుత్తూరు నుంచి. "ఏమప్పా, పెండ్లి బ్యాండు అని చెప్పి సావుకు వాయించేది వేసినారే. మా ఇంట్లో శ్రావణంలో పెండ్లికి అప్పడాలు ఒత్తతా ఉండారు. రేడియో కట్టేసి ఇల్లు కడుక్కోవాల్నా ఇప్పుడు?"

అటువంటివే ఇంకో ఐదారు. నడుమ బైరెడ్డిపల్లె నుంచి ఒకామె మాట్లాడింది. "మా నాయన పోయినప్పుడు వాయించింది ఇదే. ఆ పొద్దు ఏడుస్తా ఉండి వాయించేది ఎవురో సూడలేదు. ఆయన పేరు ఇంకోసారి చెప్పండి" అంది. అనౌన్సరు చెప్పింది. ఆమె ఇంకేమీ అడగకుండా పెట్టేసింది.

కార్యక్రమం అయ్యాక ఆఫీసు నంబరుకు దేవసహాయం చేశాడు. గొంతు పెంచలేదు. రెండు పెండ్లిండ్లవాళ్లు అప్పుడే ఫోన్ చేసి బ్యాండు వద్దన్నారట.

"టెస్టుకు అది ఎందుకు వాయించినావయ్యా?" అన్నాను.

"పెండ్లి పాట ఊరికే వాయించకూడదు సార్. పెదవి కుదిరేదానికి ముందు నిదానం బాణీ ఎత్తుకుంటాం. అది మా నాయన కట్టింది. మీరు చెయ్యెత్తలేదు, మేం ఆపలేదు."

ఫోను పెట్టేసి లాగ్‌బుక్కు తెరిచాను. "బ్యాండువారు సందర్భానికి తగని అంశం వాయించారు" అని రాసి సంతకం చేశాను. ఒక్క మాట అబద్ధం లేదు. వాయించింది వాళ్లే, తగనిదీ నిజమే. నా నలభై ఏళ్ల సర్వీసులో అంత నేర్పుగా రాసిన వాక్యం ఇంకొకటి లేదు. సర్వీసు ముప్పై మూడేళ్లే.

మరునాడు టీ అంగట్లో మునిరత్నానికి అదే వాక్యం చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను, పోటీలో ఒకరు తగ్గారు కదా. అతను గ్లాసు కింద పెట్టాడు.

"ఆ పొద్దు మనం రెండు టీలు తాగినాం, వడలు తిన్నాం. అంతసేపూ లోపల వాళ్లేం చేస్తా ఉండారు సార్?"

"లెవెల్ టెస్టు."

"ఆపమని ఎవురు చెయ్యెత్తినారు?"

నేను ఇంకో టీ చెప్పాను.

"షీల్డు మా చిత్తూరోళ్లకే రావాల. నేను కుట్టిన కోట్లే స్టేజీ ఎక్కాల. కానీ ఎదుటోణ్ణి సావుబాణీతో కూర్చోబెట్టి మమ్మల్ని గెలిపిస్తే, ఆ గెలుపు నేను యాడ చెప్పుకునేది? సూడు సార్, మీరు తప్పు రాసినారు. పోయి కొట్టేసి రాండి."

లాగ్‌బుక్కులో కొట్టేయడానికి ఒక పద్ధతి ఉంది. రాసింది చదవడానికి వీలుగా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం పెట్టాలి. అట్లా చేశాను. డైరెక్టరుగారు మెమో ఇచ్చారు. జవాబులో రికార్డింగు నడుస్తుండగా టీకి పోయానని రాసిచ్చాను. నాలుగో ఆదివారం చివరి బ్యాండుకు ముందు, జరిగిన పొరపాటు డ్యూటీ ఆఫీసరుదని నా పేరుతో సహా ప్రకటించి, తీసేసేవాటిలో ఇంకా చెరిగిపోకుండా ఉన్న పలమనేరువాళ్ల ఏడు నిమిషాలు వేశాం. ఆ ప్రకటన నా గొంతుతోనే చదివానని చెప్పేవాణ్ణి. చదివింది అనౌన్సరు. నేను అద్దానికి ఇవతల మీటరు చూస్తూ కూర్చున్నాను.

దేవసహాయం మళ్లీ ఫోన్ చేసి ఒకటే అడిగాడు. "రేడియోలో చెప్పినారు, మంచిది. ఆ రెండిండ్లకు కూడా వచ్చి చెప్తారా?" వెళ్లాను. బంగారుపాళెం దగ్గర ఒక ఇంట్లో పెద్దాయన నా చేత మజ్జిగ తాగించి, ఎవరిది తప్పో రెండుసార్లు చెప్పించుకుని, బ్యాండును రమ్మన్నాడు. రెండో ఇంట్లో అప్పటికే డీజే బాక్సులు మాట్లాడేసుకున్నారు.

షీల్డు చిత్తూరు బ్యాండుకే వచ్చింది. పలమనేరుది మూడో స్థానం. బాణీ మళ్లీ వేయమని ఇరవై దాకా కార్డులు వచ్చాయి. దేవసహాయాన్ని అడిగితే, సావుకు పిలిస్తే పోయి వాయిస్తానుగానీ పాటగా అడిగితే వాయించనన్నాడు. శ్రావణంలో నాలుగుకు మూడు పెండ్లిండ్లు జరిగాయి. డెయిరీ పిలుపు వచ్చిన ముగ్గురిలో ఒకడు వెళ్లిపోయాడు, ఇద్దరు ఉండిపోయారు. ఆరుగురితో బ్యాండు నడిచింది. ఆ పోయినవాడు తాషా వాయించేవాడు. వాడి స్థానం నేనున్నంత కాలం ఖాళీగానే ఉంది.

నేను నేర్చుకున్నవి ఇవి. రికార్డింగు ముగిసేదాకా కుర్చీ వదలకూడదు. బ్యాండు గుమ్మం దాటకముందే ఫైలుకు పేరు పెట్టాలి. ప్రసారానికి పోయేదాన్ని మీటరులో చూస్తే చాలదు, వినాలి. లాగ్‌బుక్కులో తప్పు రాసేటప్పుడు ఏం జరిగిందో రాస్తే సరిపోదు, ఎవరివల్ల జరిగిందో కూడా రాయాలి. మొదటి మూడూ ఆ వారంలోనే వచ్చాయి. నాలుగోది అలవాటు కావడానికి, రిటైరయ్యేలోగా, ఇంకో రెండు మెమోలు పట్టాయి.