బోరు లారీకి హారతి

ఇరవై ఏళ్లుగా కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతున్నాను. సముద్రపు ఒడ్డున ఇసుకలో మంచినీళ్లు ఎలా నిలుస్తాయో ఏటా బోర్డు మీద బొమ్మ గీస్తాను. ఇంకిన వాననీరు అడుగునున్న ఉప్పునీటి మీద తేలుతుంది, పాల మీద మీగడలాగా. ఆ పొర పలచబడ్డాక ఇంకా లోతుకు గొట్టం దించి తోడితే ఉప్పు పైకి లేస్తుంది. మా పిల్లలకు అది ఐదు మార్కుల ప్రశ్న.

అన్న ఇల్లు షోళింగనల్లూరులో, కాలువ దాటాక సముద్రం వైపు. నేను పుట్టి పెరిగిందీ ఆ ఇంట్లోనే. పెరట్లో నాన్న తవ్వించిన బావి ఉంది. ఆ నీళ్లలో కందిపప్పు కుక్కరు లేకుండానే ఉడికేది. చుట్టూ అపార్టుమెంట్లు లేచాయి, ప్రతిదానికీ బోర్లు. వరసగా రెండు ఎండాకాలాలు బావి అడుగు కనిపించింది. అన్న తానూ బోరు వేయిస్తానన్నాడు.

“వద్దన్నా, లోతుకు పోతే ఉప్పొస్తాది,” అన్నాను ఫోనులో.

“టెంకాయ లేసి నిలబడింది పాపా. నువ్వు రాళ్లు చదివినావు. నీళ్ల సంగతి ఆయప్పకే తెలుసు.”

ఆయప్ప అంటే అరచేతిలో టెంకాయ పెట్టుకుని స్థలమంతా నడిచే మనిషి. కింద నీళ్లుంటే కాయ నిటారుగా లేస్తుందని నమ్మకం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలోనే ఉండిపోయాను.

మా ఇళ్లలో ఏ శుభకార్యానికైనా మొదటి హారతి ఆడపడుచుదే. పళ్లెం చేతిలో ఉండగా ఆమె నోట అశుభం రాకూడదు. బోరు లారీకి పసుపూ కుంకుమా పెట్టి, వదిన పళ్లెం నా చేతికిచ్చింది. అన్న నా మొహం చూశాడు.

“ఏమన్నా చెప్పాలనా పాపా? నువ్వు వద్దంటే ఇప్పుడే లారీని పంపించేస్తా.”

చుట్టుపక్కలవాళ్లంతా చూస్తున్నారు. కర్పూరం అంటుకుంది. 

“ఏం లేదన్నా,” అని హారతి తిప్పాను.

మొదట మంచినీళ్లే పడ్డాయి. అందరం దోసిళ్లతో తాగాం, నేనూ తాగాను. మూడు నెలలకు ఉప్పగా తగిలింది. తర్వాత బావి కూడా ఉప్పయింది. నిమ్మచెట్టు ఎండింది, కరివేపాకు ఎండింది. అన్న బోరు పూడ్పించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అది.

పోయిన నెల వెళ్తే అడిగాడు. “మళ్లీ ఎప్పుడు మంచినీళ్లవుతాయి?”

క్లాసులో లక్షల ఏళ్లను చిల్లరలా విసిరేస్తాను. అన్న ముందు ఒక్క ఏడాది కూడా నోట రాలేదు.

“చుట్టూ బోర్లు ఆగిపోయి, ఏళ్ల తరబడి మంచి వానలు పడితే...”

“బోర్లు ఆగవు కదా.”

“ఆగవన్నా.”

బావి వైపు తిరిగాడు. “ఆ పొద్దు లారీ ముందర నీకు తెలుసా, ఇట్లా అవుతాదని?”

“తెలుసు.”

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. లేచి వెళ్లి, కొన్న క్యానులోంచి గ్లాసెడు నీళ్లు పట్టి, పళ్లెంలో పెట్టి తెచ్చి నా ముందుంచాడు. “తీసుకోండి,” అన్నాడు.

ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఎప్పుడూ మీరు అనలేదు.