నాలుగు వేళ్ళ సందు

మా బావ లిఫ్టులు బాగుచేస్తాడు. ఆఫీసులు, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్లు, ఎక్కడ లిఫ్టు మొరాయించినా ఆయనకే ఫోను. లిఫ్టు వచ్చి ఆగినప్పుడు దాని నేలా అంతస్తు నేలా ఒక్క మట్టంలో ఉండాలి. వేలెడు తేడా ఉన్నా ఎవరో ఒకరు తట్టుకుని బోర్లా పడతారు. ఆ వేలెడు తేడా కోసం బావ కంచం ముందు నుంచి లేచి వెళ్ళిన రోజులున్నాయి. జనం కాళ్ళ కింది నేల గురించి ఇంత పట్టింపు ఉన్న మనిషి, కట్టుకున్న పెళ్ళాన్ని రోజూ నడిరోడ్డు మీద దింపి నడిపించాడంటే ఎవరూ నమ్మరు. బావని ఆడిపోసుకునే హక్కు మరదలికి పుట్టుకతోనే వస్తుంది కాబట్టి, ఆ సంగతి నేనే చెబుతాను.

ఊరి బయట విమానాలు వాడటం మానేసిన పాత రన్‌వే ఒకటి ఉంది. ఆదివారాలు అక్కడ డ్రాగ్ రేసులు జరుగుతాయి. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, పచ్చ లైటు వెలుగుతుంది, తిన్నగా దూసుకుపోయి ముందు ఎవరు గీత దాటితే వాళ్ళు గెలిచినట్టు. మలుపుల్లేవు, మెలికల్లేవు, పెద్దగా ఆలోచనతో కూడా పనిలేదు. బావకి సరిగ్గా సరిపోయింది. ఇంట్లో ఉన్న పాత కారే వారమంతా అక్కని ఆవిడ పనిచేసే ల్యాబులో దింపేది, ఆదివారం పందెంలో ఉరికేది, ఉరికి ఓడిపోయి వచ్చేది.

ఓటమికి బావ కనిపెట్టిన కారణం, కారు ఎత్తుగా ఉండటం. టైరుకీ పైన మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్ళు దూరుతున్నాయట. అసలైన పందెం కారుకి అక్కడ వేలు కూడా దూరకూడదట. ఫోన్లో వీడియోలు చూసి చూసి ఆ జ్ఞానం సంపాదించాడు. పొద్దున్నే పళ్ళు తోముకోకముందే వెళ్ళి ఆ సందులో చెయ్యి పెట్టి కొలుచుకునేవాడు. రాత్రికి రాత్రి కారు ఏమైనా ఎదిగిందేమోనని భయం కాబోలు.

కారు ఎత్తు తగ్గేలా స్ప్రింగులు కోయించడానికి వెళ్ళిన రోజు నన్ను కూడా వెంటబెట్టుకెళ్ళాడు, ఫోటోలు తియ్యడానికి. వెల్డింగ్ షాపువాడు దేనికైనా సరే అనే రకం. కారుని జాకీల మీద లేపాడు, చక్రాలు ఊడదీశాడు, ఒక్కో స్ప్రింగూ బయటికి లాగి గ్రైండరుతో ఒక చుట్టు కోసేశాడు. అన్నీ బిగించి కారు దించితే రెండు వేళ్ళు దూరాయి. బావ మొహం చిట్లించి ఇంకో చుట్టు అన్నాడు. వాడు మళ్ళీ అన్నీ ఊడదీసి ఇంకో చుట్టు కోశాడు. ఈసారి ఒక్క వేలు దూరింది, అదీ చిటికెన వేలు. బావ దూరంగా వెళ్ళి నిలబడి తల పక్కకి వంచి కారుని చూసుకున్నాడు. పెళ్ళి ఫోటోల్లో అక్క వైపు కూడా ఆ చూపు లేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు.

నేల విడిచి సాము చేసేవాళ్ళ గురించి విన్నాం గానీ, నేలని కరుచుకుని సాము చేసినవాడు మా బావే. మర్నాడు అక్కని ఎక్కించుకుని బయల్దేరితే, వీధి మలుపులో కిరాణా కొట్టు ముందున్న స్పీడ్ బ్రేకరు మీద కారు పొట్ట ఆనించుకుని కూలబడింది. చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదలదు. బావ అక్కని దిగమన్నాడు. అక్క దిగింది, కారు కిర్రుమంటూ దాటింది, అక్క నాలుగడుగులు నడిచి మళ్ళీ ఎక్కింది. అది అక్కడితో అయిపోతే నేనీ కథ చెప్పను. ల్యాబు దాకా ఉన్న ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా అదే తంతు, ప్రతి రోజూ. రోజంతా నిలబడి జనానికి రక్తం తీసే మనిషి, కారులో కూర్చున్న దానికంటే దాని వెనక నడిచిందే ఎక్కువ.

మా అక్క కాస్త బొద్దుగా ఉంటుంది. కిరాణా కొట్టాయన చూసీ చూసీ ఒకరోజు, "నడక ఆరోగ్యానికి మంచిది మేడమ్" అన్నాడు. ఆయన మాట పట్టించుకోనక్కర్లేదు. కానీ మా పిన్ని కొత్త ఇంట్లో చుట్టాలందరూ చేరిన రోజు, కారు చుట్టూ మగాళ్ళు మూగి ఎంత దిగిందని అడిగితే, బావ ఒక్క వేలు ఎత్తి చూపించి, "ఈవిడ దిగితే ఇంత, ఎక్కితే అసలు వేలే దూరదు" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. తర్వాత వంటింట్లో చేతులు కడుక్కుంటూ చాలాసేపు పంపు కట్టెయ్యలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజు నుంచి అక్క రాత్రి భోజనం మానేసింది, ల్యాబుకి బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. ఇంకోసారి ఆ కారు ఎక్కదని నాకు అర్థమైంది. బావకి అర్థమైంది మాత్రం ఆవిడ బస్సెక్కితే కారు కింద గీతలు పడవని.

చిత్రమేమిటంటే, అక్కకి డ్రైవింగ్ పెళ్ళికి ముందే వచ్చు. బావకి క్లచ్ వదలడం నేర్పింది ఆవిడే. స్టీరింగు బావ చేతికి వెళ్ళాక ఆ సంగతి అందరం మర్చిపోయాం.

ఆ నెల చివరి ఆదివారం బావకి చావో రేవో. ఆ రోజు రెండు పరుగుల్లో ఒక్కటైనా గెలవకపోతే వచ్చే పోటీల్లో పేరుండదు. లిఫ్టు కంపెనీలో అందరికీ ముందే చాటుకున్నాడు కాబట్టి పరువు కూడా పోతుంది. నేనూ అక్కా భోజనం క్యారియరు పట్టుకుని బస్సులో వెళ్ళాం.

ఎదుటి కారు ఐస్ ఫ్యాక్టరీ ఆయనది. రంగు వెలిసి, ముక్కు పైకెత్తుకుని, బావ కారు పక్కన ఎత్తు పీట మీద నిలబెట్టినట్టుంది. పచ్చ లైటు వెలిగింది. ఆయన వెళ్ళిపోయాడు. మా బావ కారు వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. పొగ కమ్మింది. పొగ తేలిపోయేసరికి కారు అక్కడే ఉంది, ఇంటి ముందు పెట్టినంత పదిలంగా.

ఐస్ ఫ్యాక్టరీ ఆయన తిరిగొచ్చి చాలా ఓపిగ్గా, చాలా సంతోషంగా వివరించాడు. కారు ఉరికేటప్పుడు ముక్కు లేవాలి, వెనక భాగం కుంగాలి, అప్పుడే బరువంతా వెనక చక్రాల మీద పడి నేల పట్టు దొరుకుతుంది. నీ కారు ముందే చతికిలబడి ఉంది, ఇంకేం కుంగుతుంది, వెనక నాలుగు మూటలు వేసుకో అన్నాడు. పందేలు నడిపే పెద్దమనిషి మూటలు ఒప్పుకోనన్నాడు. హెల్మెట్టు, బెల్టు పెట్టుకుని మనిషి కూర్చుంటే తనకి అభ్యంతరం లేదన్నాడు.

బావ చుట్టూ చూశాడు. ఆ చూపు నన్ను దాటేసింది, నేను పుల్లలా ఉంటాను. వెళ్ళి వెళ్ళి అక్క మీద ఆగింది. అంత భక్తిగా ఆయన అక్కని చూడటం అదే మొదటిసారి.

"ఒక్కసారి వెనక కూర్చో. నువ్వుంటే చక్రాలకి పట్టు దొరుకుతుంది" అన్నాడు.

అక్క క్యారియరు నా చేతికిచ్చింది. "కూర్చుంటాను. కానీ ఒకసారి ఎక్కాక మళ్ళీ నన్ను దింపకూడదు."

సరే సరే అంటూనే బావ ఆవిడకి హెల్మెట్టు తగిలించాడు. ఆ మాట ఆయన చెవికెక్కలేదని నాకు తెలుసు.

ఈసారి చక్రాలు నేలని పట్టుకున్నాయి. కారు విదిలించుకుని ఉరికింది, గీత దగ్గర మూరెడు ముందు దాటింది. ఐస్ ఫ్యాక్టరీ ఆయన నవ్వుతూ లైటు చూసుకోలేదని కొందరంటారు. నేను కాదనను.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. కనిపించిన ప్రతివాడికీ బావ స్ప్రింగులు కోయించిన వైనం చెప్పాడు. వెనక సీట్లో ఎవరున్నారో చెప్పలేదు. అక్క కారు దిగనే లేదు, అందులోనే కూర్చుని నాకు పెట్టి, తను రెండు ముద్దలు తిని క్యారియరు మూసేసింది. ఇంటికి వచ్చేటప్పుడు నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. రన్‌వే నుంచి వచ్చే దారి సాఫీగా ఉంటుంది. మా వీధి మలుపులో స్పీడ్ బ్రేకరు వచ్చింది. బావ ఈల వేసుకుంటూనే కారు ఆపి, వెనక్కి తిరక్కుండా, "దిగండి" అన్నాడు.

నేను అలవాటుగా తలుపు తీయబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"దిగనని చెప్పాను కదా" అంది. "బరువు తగ్గాలి, అంతేగా? మీరు దిగండి."

బావ నవ్వాడు. అక్క నవ్వలేదు. వెనక లారీ హారను కొట్టడం మొదలుపెట్టింది, కొట్లో ఉన్నవాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. చివరికి కింద ఎంత సందుందో చూస్తానని వంక పెట్టుకుని బావే దిగాడు. అక్క రోడ్డు మీద కాలు పెట్టకుండా, రెండు ముందు సీట్ల మధ్య నుంచి దూరి, కష్టం మీద స్టీరింగు ముందు కూర్చుంది. గేరు వేసింది. కారు స్పీడ్ బ్రేకరు మీద నుంచి పొడుగునా గీసుకుంటూ దాటింది. ఆ చప్పుడు బావ గుండెలో నుంచి వచ్చినట్టుంది.

దాటాక అక్క ఆపలేదు.

బావ హెల్మెట్టు చంకలో పెట్టుకుని నడిచొచ్చాడు. కిరాణా కొట్టాయన ఆయనకి కూడా నడక గురించి చెప్పాడట. ఇంటి ముందు వంగి కారు కింద చూసుకుని, చెయ్యి తుడుచుకుని లేచాడు. అక్క మెట్ల మీద నిలబడి ఉంది, తాళాలు ఆవిడ చేతిలోనే ఉన్నాయి.

"మునుపటిలా నాలుగు వేళ్ళు దూరాలి. అప్పటిదాకా నేను వీధిలోనూ ఎక్కను, పందెంలోనూ ఎక్కను."

కోసిన స్ప్రింగులు అతకవని బావ గొణిగాడు, తప్పు వాటిదైనట్టు.

"అతకవని నాకూ తెలుసు. కొత్తవి వేయించండి" అంది అక్క.

ఆ రాత్రి ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. అక్క రెండోసారి వడ్డించుకుంటుంటే బావ తల వంచుకుని తన కంచం వైపే చూస్తూ తిన్నాడు.