వరస ఇళ్లలో నడిమి ఇల్లు

పోయిన శనివారం మా అల్లుడు నాకూ మా అమ్మాయికీ కలిపి ఓక్లాండ్‌లో పాత ఇళ్లు చూపించే వాకింగ్ టూర్ ఒకటి బుక్ చేశాడు. ఫ్రీమాంట్‌లో ఇంటిపట్టునే ఉండి మోకాళ్లు పట్టేస్తున్నాయని అన్నది నేనే కనుక కాదనలేకపోయాను. గైడ్ అమ్మాయి ఒక వీధి మొదట్లో మమ్మల్ని నిలబెట్టి, ఇవి విక్టోరియా కాలంలో రైల్వే పనివాళ్ల కోసం ఒకదానికొకటి ఆనించి కట్టిన ఇళ్లనీ, వీటి ముఖాన ఒక్క మేకు మార్చాలన్నా నగరం అనుమతి కావాలనీ చెబుతూ ఉంటే, నా చూపు మాత్రం ఆ వరసలో నడిమి ఇంటి మీదే ఆగిపోయింది. పెళ్లయి ఈ దేశం వచ్చిన కొత్తలో నేను కాపురమున్న ఇల్లు అది.

అందరూ దాని అందాన్ని ఫోటోలు తీసుకున్నారు. నిజంగా అందమైనదే. వీధిలోకి పొడుచుకొచ్చిన మూడు పలకల కిటికీ, చూరు కింద చెక్కిన తీగలు, చేప పొలుసుల్లా పేర్చిన చెక్క పెంకులు. కానీ అది వీధిలో నిలబడి చూసేవాళ్ల అందం. లోపల ఉన్నవాళ్లకి ఆ ఇల్లు సన్నగా, పొడుగ్గా, ఒక గది వెనక ఇంకో గదిగా సాగిపోయే సొరంగం. రెండు పక్కలా గోడలు ఇరుగుపొరుగువి కావడం వల్ల వెలుతురు ముందు నుంచీ వెనక నుంచీ రావలసిందే, మధ్య గదిలో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాలి. కిటికీలకి ఏళ్ల తరబడి రంగు మీద రంగు పూయడంతో రెక్కలు చట్రాలకి అతుక్కుపోయాయి. పైకి లేపబోతే అద్దం పగులుతుందని, రక్షిత కట్టడం కనుక ముట్టుకోవద్దని ఇంటి యజమాని ముందే చెప్పాడు.

మావారి ప్రాజెక్టు మొదట ఓక్లాండ్‌లోనే ఉండేది. మేము చేరిన కొద్ది నెలలకే అది శాంటా క్లారాకి మారిపోయింది. ఆయన పొద్దున్నే ఉన్న ఒక్క కారూ తీసుకుని వెళితే, ట్రాఫిక్ దాటుకుని దీపాలు పెట్టాక వచ్చేవారు. తెనాలిలో జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పిన నాకు ఇక్కడ పనిచేసే హక్కు లేదు. భర్త ఉద్యోగం మీద ఆధారపడ్డ డిపెండెంట్ వీసా అంటే ఏమిటో మన తరం ఆడవాళ్లకి నేను విప్పి చెప్పనక్కర్లేదు. దానికి తోడు మావారికి భయం ఎక్కువ. ఎవరితోనూ గొడవ పడకు, దేనిలోనూ తలదూర్చకు, వీసాకి ఏమైనా అయితే ఇద్దరం పెట్టె సర్దుకోవాలి అని రోజూ చెప్పేవారు. ఆయన్ని తప్పుపట్టను, ఆయన నిద్రలో కూడా ఆఫీసు మాటలే మాట్లాడే రోజులవి. నేను వంట ముగించుకుని, ఆ తెరుచుకోని కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో వాళ్ల నోళ్లు కదలడం చూస్తూ ఉండేదాన్ని.

నాకు ఆ రోజుల్లో తోడు గోడ అవతలి పెద్దావిడ. ఒంటరి మనిషి, నల్లజాతి ఆవిడ, వాళ్ల నాన్న రైల్వేలో పనిచేశాడు, ఆవిడ ఆ ఇంట్లోనే పుట్టింది. మెట్ల మీద ఎదురుపడితే నవ్వుకోవడం తప్ప మాటలు తక్కువ. అయినా ఆవిడ రేడియో, దగ్గు, గిన్నెల చప్పుడు గోడలోంచి వినిపిస్తూ ఉంటే ఒకే ఇంట్లో ఉన్నట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం అవతల ఏదో దొర్లిపడిన చప్పుడు, వెంటనే ఒక కేక. ఆ ఇళ్లలో మెట్లు నిచ్చెనంత నిటారుగా ఉంటాయి. నేను గోడకి నోరు పెట్టి అరిచాను. సన్నగా జవాబు వచ్చింది, కాలు కదలడం లేదని, పొయ్యి మీద గిన్నె ఉందని. ఎమర్జెన్సీకి ఫోన్ చేసి నా ఇంగ్లీషులో నేను చెప్పగలిగింది చెప్పి బయటికి వచ్చేసరికి మాడు వాసన కొడుతోంది. ఆవిడ తలుపుకి లోపలి గడియ వేసి ఉంది. కిటికీలోంచి పొగ కనిపించింది.

మావారి మాటలు గుర్తు రాకపోలేదు. ఇంట్లోకి పరిగెత్తి, అమ్మ నా పెట్టెలో పెట్టి పంపిన పచ్చడి బండ తెచ్చి, ఆ పాతకాలపు అద్దం పగలగొట్టి, చీర చెంగు చేతికి చుట్టుకుని లోపలికి దిగాను. పొయ్యి ఆపాను. ఫైర్ వాళ్లు వచ్చేదాకా ఆవిడ తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ సాయంత్రం మావారు కోప్పడలేదు. తల పట్టుకుని, "నువ్వు చేసింది మంచి పనే. కానీ వాళ్లు పోలీసుల్ని పంపితే?" అన్నారు. పోలీసులు రాలేదు కానీ, మర్నాడు మావారు సెలవు పెట్టి ఇంట్లో ఉండగా నగరం నుంచి పాత కట్టడాలు చూసే ఒక పెద్దమనిషి వచ్చాడు. విరిగిన చట్రం కొలిచి, ఎవరు పగలగొట్టారని అడిగాడు. మావారు నా వైపు చూశారు. నేనేనన్నాను. ఆ వచ్చిన పెద్దమనిషి నా పేరు అడిగి, రెండుసార్లు పలికించుకుని, "ఆవిడ బతికింది మీ వల్లే" అన్నాడు. ఫలానావారి భార్యగా కాక నేను చేసిన పనిని బట్టి ఒకరు నా పేరు అడగడం ఈ దేశంలో అదే మొదలు.

ఆవిడ విరిగిన తుంటి అతికించుకుని ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేనాటికి వడ్రంగి పాత పద్ధతిలోనే కొత్త కిటికీ చేసి బిగించాడు. అది తెరుచుకునేది. మాది మాత్రం ఎప్పటిలాగే అతుక్కుని ఉంది. అందుకని రోజూ పని కాగానే వాళ్లింటికి వెళ్లి, ఆ కిటికీ పైకెత్తి, ఇద్దరం గాలికి కూర్చునేవాళ్లం. "నా చిన్నప్పుడు ఈ వీధిలో కిటికీలన్నీ తెరిచే ఉండేవి. అమ్మలు ఇంట్లోంచే కేకేసి పిలిచేవాళ్లు" అని ఆవిడ చెప్పేది. మేము సన్నీవేల్ వెళ్లిపోయేదాకా ఆ కాస్త వేళే నాకు రోజు. తరవాత గ్రీన్ కార్డు వచ్చింది, డ్రైవింగ్ వచ్చింది, చాలా ఏళ్లు బళ్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను.

తిరిగి వస్తూంటే కారులో ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. అది ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. అంతా విని, "బట్ అమ్మా, మీ డోర్ లాక్ చేసి లేదు కదా? ఎందుకు బయటికి వెళ్లలేదు నువ్వు?" అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అర్థం కాలేదు దానికి. ఇప్పుడు కొత్తగా వచ్చే ఆడపిల్లల్లో కొందరికి పనిచేసే అనుమతి ఉంటోంది, చేతిలో ఫోనుంది, అమ్మ ముఖం రోజూ కనిపిస్తోంది. మంచిదే, ఉండాలి. కానీ గడియ లేని తలుపు లోపల ఒక మనిషి ఎలా ఉండిపోతుందో నా కూతురికి నేను ఏ భాషలోనూ చెప్పలేకపోయాను. అది తెలియకుండానే పెరిగిందని సంతోషించాను. ఆ సంతోషంలోనే కొంచెం ఒంటరిగా కూడా అనిపించింది.