మేరీ టీచర్ గారి చేపలకు సున్నం

ఒక్క పూటలో నాలుగు నిండు ప్రాణాల మీదకి తెచ్చిన ఘనుణ్ణి నేను. చదువుతూ మీరు నవ్వుకోండి, ఏం ఫరవాలేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఎవరింట్లోనైనా చేపల తొట్టె కనిపిస్తే అరచేతులకు చెమట పడుతుంది.

అప్పట్లో విజయవాడ వన్ టౌన్‌లో మేరీ టీచర్ గారింట్లో కింది వాటాలో అద్దెకుండేవాణ్ణి. ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ గొంతు సవరించుకుంటే వీధిలో ఆటోలు కూడా వరసలో నిలబడేవి. ఆవిడ పెంచుకునే గోల్డ్‌ఫిష్‌లు నాలుగు: మత్తయి, మార్కు, లూకా, యోహాను. వారం రోజులు వేళాంగణి వెళ్తూ వాటిని నాకప్పగించారు.

"రోజూ ఈ కాగితం ముంచి పీహెచ్ చూడు బాబూ. ఆరున్నర కంటే దిగితే నీళ్ళు పులిసినట్టు. వెంటనే నాకు ఫోన్ చెయ్యి. సొంత తెలివి వాడకు."

మూడో రోజు పొద్దున్నే కాగితం ఆరు చూపించింది. ఆవిడకు ఫోన్ చేస్తే ఏమంటారోనని భయం. అందుకని కైకలూరు దగ్గర చేపల చెరువులు చేసే మా బావకు చేశాను. సొంత తెలివి వాడొద్దన్నారు గానీ బావ తెలివి వాడొద్దని అనలేదు కదా.

"బావా, పీహెచ్ ఆరుకు పడిపోయింది."

"దానికింత కంగారెందుకురా? సున్నం కొట్టెయ్."

"ఎంత కొట్టాలి?"

"నీళ్ళు తెల్లబడేదాకా కొట్టు."

కిళ్ళీకొట్టుకు పరిగెత్తి డబ్బాడు సున్నం తెచ్చి మొత్తం గుమ్మరించాను. నీళ్ళు చిక్కటి మజ్జిగలా అయ్యాయి. చేపలు మాయమయ్యాయి. మళ్ళీ ఫోన్ చేశాను.

"బావా, తెల్లబడ్డాయి. కానీ చేపలు కనపడ్డం లేదు."

"చెరువులో చేపలు పైకి కనపడతాయేంట్రా? ఇంతకీ ఎన్నెకరాలు తీసుకున్నావు? మాట మాత్రం చెప్పలేదు."

"చెరువేంటి బావా, గాజు తొట్టె. మీ ఇంట్లో టీవీ అంతుంటుంది."

అవతల బావ చెరువు మోటారు ఆపేసిన చప్పుడు వినిపించింది.

"ముందు వాటిని బయటికి తియ్యరా సన్నాసీ. క్లోరిన్ వాసన పోయిన నిన్నటి నీళ్ళేమైనా ఉన్నాయా?"

టీచర్ గారు పట్టి ఉంచిన నీళ్ళ డ్రమ్ముంది. అందులోంచి బకెట్ నింపి, మజ్జిగలో చేతులు పెట్టి ఒక్కొక్కదాన్నీ దేవి తీసి అందులో వేశాను. మూడు ఈదాయి. లూకా పక్కకు ఒరిగిపోయి తేలాడు. దుర్గమ్మకు కొబ్బరికాయ, గుణదల మాతకు కొవ్వొత్తి మొక్కుకుని ఆ బకెట్ పక్కనే నేలమీద కూలబడ్డాను. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు.

సాయంత్రానికి లూకా తోక కదిలించాడు. నేను నిజంగానే ఏడ్చాను.

తర్వాత బావ చెప్పినట్టే తొట్టె కడిగి, డ్రమ్ము నీళ్ళు నింపి, మెల్లగా కరిగి పులుపు విరుస్తాయన్న ఆల్చిప్ప ముక్కల్ని శుభ్రం చేసి పలచటి గుడ్డలో మూటకట్టి వేశాను. రోజూ నాలుగో వంతు నీళ్ళే మార్చాను. పీహెచ్ మెల్లగా, రోజుకు కాస్త చొప్పున ఏడుకెక్కింది. "తొందరపడ్డావంటే నీళ్ళ పులుపు కంటే ముందు నువ్వే వాటిని చంపుతావు" అన్నాడు బావ.

టీచర్ గారు వచ్చారు. చేపల్ని లెక్కపెట్టారు. నాలుగూ ఉన్నాయి. నేను ఊపిరి వదిలేలోపు తొట్టె అంచు మీద వేలితో రాసి, వాసన చూశారు.

"సున్నం కదూ?"

"అవునండీ."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూశారు.

"నీ వాటాకు సున్నం వేయించమని రెండేళ్ళుగా అడుగుతున్నావు. వేయించలేదని నా పిల్లల మీద కక్ష తీర్చుకుంటావా బాబూ?"

మర్నాడే సున్నం వేసేవాళ్ళు వచ్చి నా గోడలు తెల్లగా చేసి వెళ్ళారు. ఆ గోడల సాక్షిగా, లూకా తోక సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఎన్నెకరాలని అడగకుండా వైద్యం చెప్పేవాడి మాట వినను, ప్రాణమున్న నీళ్ళలో చిటికెడు కూడా ఏమీ కలపను. చివరికి కిళ్ళీ కూడా సున్నం లేకుండానే కట్టించుకుంటున్నాను. అది కిళ్ళీ కాదండీ, ఉత్త ఆకు అంటాడు కొట్టాయన.