బుల్లెట్ పళ్లెంలో ద్రాక్ష

నాచారంలో అబ్బయ్య ఇంట్లో ప్రార్థన కాకుండా ఎవరూ ముద్ద ముట్టరు, కుక్కతో సహా. కుక్క పేరు బుల్లెట్. పేరుకు తగ్గ వేగం లేదు గాని భక్తి ఉంది. పళ్లెం ముందు తల వంచుకుని కూర్చుంటుంది, ‘ఆమెన్’ వినబడేదాకా మూతి పెట్టదు. ఇది నేర్పింది అబ్బయ్య భార్య రెబెక్కా. కుక్కకు నేర్పగలిగింది గాని మొగుడికి నేర్పలేకపోయింది. పెళ్లయిన నాటి నుంచి ఆయన నలుగురిలో నోరు తెరిచి ప్రార్థన చేసిన పాపాన పోలేదు. అదే ఆమె దిగులు.

ఫ్యాక్టరీ నుంచి రిటైరయ్యాక అబ్బయ్యకు ఉన్న మాటలు కూడా తగ్గి, కుక్క మీద ప్రేమ పెరిగింది. పశువుల డాక్టరు చెప్పినట్టు యాపిల్ గింజలు తీసి చిన్న ముక్కలు కోస్తాడు. పుచ్చకాయైతే గింజలేరి తొక్క తీస్తాడు. అదీ రెండు మూడు ముక్కలే.

“ద్రాక్ష మాత్రం ఒక్కటి గూడ పెట్టొద్దు, కిడ్నీలు ఖరాబైతయ్” అన్నాడు డాక్టరు.

“మనం తినేదే గదా” అంది రెబెక్కా.

“మనం కుక్కలం గాదు” అన్నాడు అబ్బయ్య. ఆ మధ్య ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే.

ఆ ఆదివారం వాళ్లింట్లో ప్రార్థన కూడిక. జంపఖానా నిండా జనం. పక్కింటి తారామణి నల్ల ద్రాక్షపండ్లు తెచ్చింది. మూగజీవి కూడా తినాలని, అందరూ కళ్లు మూసుకోగానే ఒక గుత్తి తీసి బుల్లెట్ పళ్లెంలో యాపిల్ ముక్కల పక్కన పెట్టింది.

ఆరోన్ పాస్టరు ప్రార్థన చివరికొచ్చింది. అలవాటు కొద్దీ అబ్బయ్య ఒక కన్ను తెరిచి కుక్క వైపు చూశాడు. పళ్లెంలో ద్రాక్ష గుత్తి. కుక్కేమో గది ఆ మూలన, మధ్యలో అంత మంది, పైగా మోకాళ్ల నొప్పి.

“యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ...” అన్నాడు పాస్టరు.

బుల్లెట్ చెవులు రిక్కించింది.

“ప్రభువా!” అని అరిచాడు అబ్బయ్య.

పెద్దవాళ్లు ప్రార్థన అందుకుంటే మధ్యలో ఆమెన్ అనకూడదు. అందరి గొంతుల్లో ఆమెన్ ఆగిపోయింది.

“ఉప్పల్ చౌరస్తాల ట్రాఫిక్‌ను జర జ్ఞాపకం జేస్కో ప్రభువా” అంటూ అబ్బయ్య మోకాళ్ల మీద జరిగాడు. “డిపోల బస్సులను జ్ఞాపకం జేస్కో. మౌలాలి రైళ్లను జ్ఞాపకం జేస్కో. అండ్ల ఎక్కినోళ్లను, ఎక్కనోళ్లను...”

“స్తోత్రం!” అన్నాడు పాస్టరు.

ఎక్కనోళ్ల దగ్గర చెయ్యి పళ్లేనికి అందింది. గుత్తి లాగి చొక్కా జేబులో కుక్కుకుని, “ఆమెన్” అన్నాడు. బుల్లెట్ యాపిల్ ముక్కలు తినేసింది.

కళ్లు తెరిస్తే రెబెక్కా కొంగుతో కళ్లొత్తుకుంటోంది. “పెండ్లైనకాడి సంది అడుగుతున్న, ఈయన నోరు తెరిపియ్యమని. ఇయ్యాల ఇన్నడు దేవుడు.”

“వచ్చే వారం ముగింపు ప్రార్థన గూడ మీదే, బ్రదర్” అన్నాడు పాస్టరు.

తెల్ల చొక్కా జేబు మీద నల్లగా మరక పాకుతోంది. అబ్బయ్య నిజం చెబుదామనుకున్నాడు. రెబెక్కా ముఖం చూశాడు. అంత వెలుగు ఆ ముఖంలో ఎప్పుడు చూశాడో గుర్తు రాలేదు.

“సరే అయ్యగారు” అన్నాడు, మరక కనబడకుండా జేబు మీద చెయ్యి వేసుకుని.

గుండె మీద చెయ్యి వేసుకున్న మొగుణ్ణి చూసి రెబెక్కా మళ్లీ ఏడ్చింది.